లాజా పదో వేలు

కికిందా,
9 సెప్టెంబరు 1984.

బావా,

పొద్దున గాలి తూర్పు నుంచి వీచింది. ఎండ ఉంది, పలచగా. వంటింటి గుమ్మం పై చెక్కకి, తలకి దెబ్బ తగలకుండా కొట్టిన గొర్రెతోలును చిమ్మెటలు తినేశాయి. పాతది ఊడదీసి కొత్తది కొట్టాను. నాలుగు మేకులు పట్టాయి, ఐదోది వంగిపోయింది.

ఆ గుమ్మానికి తల తగిలేంత పొడుగు మనిషి ఈ ఇంట్లో అడుగుపెట్టి పదిహేనేళ్ళయింది. అయినా ఏటా సెప్టెంబరులో ఆ పని చేస్తాను. చెల్లెల్ని చూడాలంటే నేనే పాంచెవో వస్తున్నాను కదా, నాకేం ఇబ్బంది లేదు. ఊరికే చెప్పాను.

అసలు విషయం. మొన్న ఒస్టోయా వచ్చాడు. గుర్తున్నాడుగా, మన జట్టులో పదకొండో నంబరు, సన్నగా చీపురుపుల్లలా ఉండేవాడు. ఇప్పుడు మన బాస్కెట్‌బాల్ క్లబ్బు అధ్యక్షుడు. బొజ్జ వచ్చింది, కుర్చీలో కూర్చునే ముందు రెండు గుండీలు విప్పుకుంటాడు. వచ్చే ఏడు క్లబ్బుకి నలభై ఏళ్ళు నిండుతాయి. పుస్తకం వేస్తున్నారు. డిసెంబరు చివరికి అచ్చుకి వెళ్ళాలట. నీ ఆట గురించి నువ్వే రెండు పేజీలు రాసి పంపాలని అడిగాడు. ఇక్కడ ఆడిన తొమ్మిదేళ్ళు, ఇటలీలో ఆడిన తొమ్మిదేళ్ళు.

69వ సంవత్సరం ఆఖరి మ్యాచ్ స్కోరు షీటు కూడా కావాలన్నాడు. ఫొటో తీసి వేస్తారట. పాత కాగితాల్లో ఎక్కడో ఉంటుంది, వెతకాలి అన్నాను.

రోసాండాకి చెప్పు, ఆమె పంపిన ప్లం జామ్ గడ్డ కట్టలేదు. బాగుంది.

తిహోమిర్

* * *

షుషారా, ఇసుక దిబ్బల్లోంచి,
17 సెప్టెంబరు.

ఒరేయ్ బావమరిదీ,

నీ ఉత్తరం వాతావరణ శాఖ నుంచి వచ్చిన కాగితంలా ఉంటుందిరా. రోసాండా పాంచెవో నుంచి ఇక్కడికి పంపింది. ఇక్కడంటే ఎక్కడో తెలుసా? ఇసుకలో! నేను సినిమాలో వేస్తున్నాను!

నవ్వకు. నవ్వవని తెలుసు, నీకు రాదు.

ఇటలీ వాళ్ళ సినిమా. గుర్రాలు, తుపాకులు, వెడల్పు టోపీలు. దాంట్లోనే హత్యలు, ఎవరు చేశారో ఆఖరి దాకా తెలియకూడదు. పేరు "టోపీ లేని నీడ". ఎడారి ఊళ్ళో తంతి ఆఫీసు వాళ్ళని ఒక్కొక్కణ్ణీ ఎవడో చంపుతుంటాడు. పోలీసు పెద్ద వెతుకుతుంటాడు. హంతకుడు ఊరి జనంలోనే, అందరి కళ్ళముందే తిరుగుతుంటాడు. ఆ హంతకుణ్ణి నేనే.

డైరెక్టరు సిల్వానో నన్ను పాంచెవో బస్టాండులో చూశాడు. సాయంత్రం ఎండలో నా నీడ రోడ్డు దాటి, ఎదుటి గోడ ఎక్కి, రెండో అంతస్తు కిటికీలోకి వెళ్ళిందట. ఆ నీడని చూసి అక్కడే సంతకం పెట్టించుకున్నాడు. నీడని చూసుకున్నాడు కానీ, దాని వెనక మనిషి ఉంటాడని మర్చిపోయాడు. మొదటిరోజు షూటింగులో ఊరి జనం అరవైమంది వీధిలో నిలబడ్డారు, వాళ్ళ మధ్య నేను. రెండు మీటర్ల పన్నెండు. పోలీసు పెద్ద వచ్చి "హంతకుడు మీలోనే ఉన్నాడు, కానీ ఎవడో నాకు అంతుపట్టడం లేదు" అనాలి. నా కడుపు వైపు చూస్తూ అన్నాడు. జనం పగలబడి నవ్వారు.

సిల్వానో తల పట్టుకున్నాడు. తర్వాత పారలు తెప్పించాడు.

వీధి పొడుగునా కందకం తవ్వారురా. నా కోసం. నేను అందులో నడుస్తుంటాను, మిగతావాళ్ళు గట్టు మీద. కెమెరాలో మామూలు మనిషిలా కనబడతాను. కానీ ఇది షుషారా ఇసుక. రెండు అడుగులు వేశానో లేదో గట్టు కూలి మోకాళ్ళ దాకా నిండుతుంది. నేను పైకి ఎక్కుతాను. మాట్లాడుతూ మాట్లాడుతూనే హంతకుడు నలభై సెంటీమీటర్లు పెరుగుతాడు.

ఇంకో సంగతి. సిల్వానో గొంతు పోయింది, షాటు ఆపడానికి విజిల్ ఊదుతాడు. ఊదిన ప్రతిసారీ నా చెయ్యి లేస్తోందిరా! దగ్గర్లో ఏ బల్ల కనిపిస్తే దానివైపు తిరిగి, మోచెయ్యి వంచకుండా, శుభ్రంగా ఎత్తేస్తున్నాను. మొన్న పేకాట బల్ల వైపు ఎత్తాను. "ఎందుకయ్యా ఎత్తావు?" అన్నాడు సిల్వానో. "ఫౌల్ నాదేమో అని" అన్నాను.

వీళ్ళకి ఏం తెలుసు, మన రోజుల్లో ఫౌల్ చేసినవాడు స్కోరు బల్ల వైపు తిరిగి చెయ్యెత్తకపోతే ఇంకో ఫౌల్ పడేదని. పద్దెనిమిదేళ్ళు ఎత్తిన చెయ్యి, ఆగమంటే ఆగుతుందా?

రెండు పేజీలు తర్వాత రాస్తాను. నా నుదుటి మీద మీ గుమ్మం అచ్చు ఇంకా ఉంది, అది కూడా రాయమంటావా?

గ్వోజ్డెన్

* * *

కికిందా,
25 సెప్టెంబరు.

బావా,

రాత్రి వాన పడింది, తెల్లారి ఆగింది. పొయ్యి గొట్టం విప్పి మసి దులిపాను.

కందకం గోడలకి పలకలు అడ్డం పెట్టి, వెనక కొయ్యలు దిగ్గొట్టమను. ఇసుక ఆగుతుంది. రోజూ సాయంత్రం నీళ్ళు చల్లాలి.

విజిల్ సంగతి చదివాను. నాకూ అలాంటిదే ఉంది. రిఫరీ విజిల్ ఊది, వేళ్ళతో నంబరు చూపిస్తే, నేను షీటులో రాసి, అయింది అని చెయ్యెత్తితేగాని ఆట మళ్ళీ మొదలయ్యేది కాదు కదా. ఇరవై రెండేళ్ళు ఆ బల్ల దగ్గర కూర్చున్నాను. ఇప్పటికీ రొట్టెల కొట్టావిడ "మూడు" అంటే చెయ్యెత్తుతాను. ఆవిడ అలవాటు పడిపోయింది.

ఒస్టోయా మళ్ళీ వచ్చాడు. ఆఖరి మ్యాచ్ మీద ఒక అధ్యాయం రాయించాడట. పేరు "ఐదో ఫౌల్". చదివి వినిపించాడు. పదకొండు సెకన్లు మిగిలాయి, మనం ఒక్క పాయింటు ముందున్నాం, అప్పుడు గ్వోజ్డెన్ తొందరపడి ఐదో ఫౌల్ చేసి రూలు ప్రకారం ఆట నుంచి బయటికి వెళ్ళిపోయాడు, అవతలివాళ్ళు రెండు ఫ్రీ త్రోలూ వేశారు, ఆఖరి బంతి అందుకునే పొడుగువాడు లేక మొదటి లీగ్‌కి వెళ్ళడం చేజారిపోయింది, మళ్ళీ ఆ అవకాశం రాలేదు అని ఉంది. నీ ఫొటో ఉంది, చెయ్యెత్తి నిలబడినది.

"షీటు దొరికిందా?" అని అడిగాడు. ఇంకా లేదన్నాను.

ఆ అధ్యాయం నీకు ఇష్టమేనా? నీ మాట కావాలి.

తిహోమిర్

* * *

షుషారా,
4 అక్టోబరు.

ఒరేయ్ తిహా,

పలకలు పెట్టారు. గోడ నిలిచింది. సిల్వానో నిన్ను ఇంజినీరు అనుకుంటున్నాడు. కాదు, ఇటుకల బట్టీలో లెక్కలు రాసేవాడు, తనంతట తనే చదువుకున్నాడు అన్నాను. అలాంటివాళ్ళే కావాలి అన్నాడు.

ఇప్పుడు గుర్రం గొడవ. హంతకుడు పారిపోవాలి. తెచ్చిన గుర్రాలన్నిటి మీదా కూర్చున్నాను. కాళ్ళు నేలకి తగులుతున్నాయి. గుర్రం పరిగెడుతుంటే నా బూట్లు వెనక ఇసుకలో రెండు గీతలు గీస్తున్నాయి, పొలం దున్నినట్టు. పోలీసు పెద్దకి ఆ గీతల వెంట వస్తే చాలు, ఇంక సినిమా ఏముంది? ఆఖరికి సారాయి పీపాల బండి లాగే గుర్రాన్ని తెచ్చారు. అది చాలా ఎత్తు. కానీ ప్రతి సారాకొట్టు ముందూ ఆగిపోతుంది. సెట్టులో మూడు ఉన్నాయి.

విజిల్ విషయం సిల్వానోకి తెగ నచ్చింది. కథ మార్చేశాడు. ఆఖరి సీనులో పోలీసు పెద్ద ఊరినంతా వీధిలో నిలబెట్టి విజిల్ ఊదుతాడు. ఎవరూ కదలరు. జనంలోంచి ఒక్క చెయ్యి పైకి లేస్తుంది. అంతే, దొరికిపోయాడు. "ఎందుకు ఎత్తుతాడు?" అని అడిగితే, "నువ్వెందుకు ఎత్తుతున్నావో అందుకే" అన్నాడు.

రెండు పేజీలు రాద్దామని కూర్చున్నాను. ఇదీ వచ్చింది: "నేను గ్వోజ్డెన్ పెరిషిచ్. పద్నాలుగేళ్ళకే బడిలో దీపాలు మార్చేవాణ్ణి, నిచ్చెన లేకుండా. అది చూసి క్లబ్బువాళ్ళు తీసుకున్నారు. తొమ్మిదేళ్ళు ఇక్కడ ఆడాను. తర్వాత ఇటలీలో తొమ్మిదేళ్ళు, అక్కడ మంచం పొడుగు చాలక వంటింటి బల్లని మంచానికి చేర్చి కాళ్ళు దాని మీద పెట్టుకున్నాను. ముప్ఫై రెండో ఏట మోకాళ్ళు చాలన్నాయి." తర్వాత ఏమీ రాలేదు. మధ్యలో ఒక చోట కలం ఆగిపోతోంది.

అధ్యాయం సంగతి. వేసుకోనీరా. నా మాట కావాలంటే, సరే అని చెప్పు. నువ్వు రాసిందే జరిగింది. మన బానాత్ ప్రాంతం మొత్తంలో నీ షీటులో తప్పు చూసినవాడు లేడు. ఐదో ఫౌల్ అని నువ్వు అంకె పలక ఎత్తావు, నేను చెయ్యెత్తాను, అయిపోయింది.

ఆ షీటు జోలికి వెళ్ళకు. దొరకలేదని చెప్పెయ్.

గ్వోజ్డెన్

* * *

కికిందా,
12 అక్టోబరు.

బావా,

మంచు పట్టింది. క్యాబేజీ పన్నెండు గడ్డలు పీపాలో వేసి ఉప్పు పెట్టాను. పైన రాయి పెట్టాను.

షీటు దొరకలేదని నేను చెప్పింది అబద్ధం. అది ఎప్పుడూ పోలేదు. సొరుగులో నూనెగుడ్డ కింద ఉంది. పదిహేనేళ్ళుగా అక్కడే ఉంది.

ఉన్నది ఉన్నట్టు రాస్తాను. చదువుతున్నప్పుడు ఆపకు.

రిఫరీ లాజా గుర్తున్నాడు కదా. కోత మిల్లులో పని. ఎడమచేతి చూపుడు వేలు రంపానికి పోయింది. రెండు చేతులూ తెరిచి పది చూపిస్తే తొమ్మిదే కనపడేవి. అందుకని అతను చూపించిన పెద్ద నంబర్లకి మేమంతా ఒకటి కలుపుకునేవాళ్ళం. ఎనిమిదేళ్ళు అలాగే రాశాను. ఒక్కసారి తప్పలేదు.

ఆ రోజు నోవీ సాద్ నుంచి ఆటల సంఘం పెద్ద వచ్చాడు. సగం ఆట అయ్యాక లాజాని పక్కకి పిలిచి, అంకెలు సరిగ్గా చూపించడం లేదు, చూడ్డానికి బాగాలేదు అన్నాడు. లాజాకి సిగ్గేసింది. ఫైరింజను వాళ్ళ బ్యాండులో బాకా ఊదేవాడి దగ్గర తెల్ల గ్లవ్స్ తీసుకుని తొడుక్కున్నాడు. ఖాళీ వేలులో సీసా కార్కు చెక్కి పెట్టాడు. నా దగ్గరికి వచ్చి "తిహోమిర్, ఇప్పట్నుంచి పదికి పదీ ఉన్నాయి" అని చెప్పాడు కూడా.

రెండో సగమంతా గుర్తుపెట్టుకునే రాశాను. ఆఖరి పదకొండు సెకన్లప్పుడు జనం బెంచీలెక్కి తొక్కుతున్నారు, సిరా బుడ్డి దొర్లింది, దాన్ని పట్టుకున్నాను. లాజా విజిల్ ఊది, రెండు చేతులూ తెరిచి, తర్వాత ఒక వేలు చూపించాడు. చేతులు తెల్లగా కనపడ్డాయి. పదీ ఒకటీ. పదకొండు. నేను ఒకటి కలిపాను. పన్నెండు. నీ నంబరు.

అది ఒస్టోయా ఫౌల్. నీకు అప్పటికి నాలుగే.

మర్నాడు పొద్దున బాకా అతనికి గ్లవ్స్ తిరిగిస్తూ లాజా వేలులోంచి కార్కు తీసి కాఫీ కొట్టు బల్ల మీద పెట్టాడు. దాన్ని చూడగానే తెలిసింది. నేను దాన్ని జేబులో వేసుకున్నాను. అప్పుడే వెళ్ళి చెప్పాల్సింది. చెప్పలేదు. రాసింది తప్పని ఎప్పుడూ అనని చోట, తప్పు అని మొదటిసారి అనడం ఎలాగో తెలియలేదు. తర్వాతి నెల నువ్వూ రోసాండా పెళ్ళి చేసుకుని వెళ్ళిపోయారు. ఊళ్ళో పిల్లలు నీకు అయిదు వేళ్ళు చూపించి అల్లరి పెడుతున్నందుకే ఈ ఊరు రావడం మానేశావని నాకు తెలుసు.

కార్కు పంపుతున్నాను. నాకు ఇంక అక్కర్లేదు.

ఒస్టోయాకి ఏం చెప్పమంటావో నువ్వే చెప్పు.

తిహోమిర్

* * *

షుషారా,
6 నవంబరు.

తిహోమిర్,

కవరు విప్పితే కార్కు పడింది. నువ్వు తాగుడు మొదలెట్టావనుకున్నాను. తర్వాత చదివాను. తర్వాత మూడు వారాలు జవాబు రాయలేదు. కోపం అనుకుని ఉంటావు. అవును, కోపమే. కానీ నువ్వనుకునే కోపం కాదురా.

పదిహేనేళ్ళుగా నీకు రుణపడి ఉన్నాననుకున్నాను! ఇప్పుడు దాన్నేం చెయ్యమంటావు? ఎక్కడ పెట్టుకోమంటావు?

విను. నేనూ ఉన్నది ఉన్నట్టు చెప్తాను. ఒస్టోయా మోచేత్తో అవతలివాణ్ణి నెట్టడం చూశాను, రెండడుగుల దూరంలో ఉన్నాను. లాజా వేళ్ళు కూడా చూశాను. పదకొండు. కెప్టెన్ని నేను. వచ్చి "తిహా, సరిగ్గా చూడు" అని ఒక్క మాట అంటే చాలు. కానీ ఆ పదకొండు సెకన్లలో బంతి ఎవరికి వస్తుంది? నాకే. ఎప్పుడూ నాకే. ఆ రోజు నా చేతులు చల్లబడిపోయాయి. రెండూ చంకల్లో పెట్టుకున్నాను. నాలుగువేలమంది నా పేరు అరుస్తుంటే, ఈ బంతి నాకు రాకుండా చూడు దేవుడా అనుకున్నాను. రెండు మీటర్ల పన్నెండు మనిషిని, దాక్కోవడానికి చోటు వెతికాను. అప్పుడు నువ్వు నన్ను చూశావు. సూటిగా. చూసి, ఐదు పలక ఎత్తావు.

నువ్వు నా చేతులు చూసి కావాలనే ఎత్తావనుకున్నానురా. నన్ను కాపాడావనుకున్నాను. ఎప్పుడూ తప్పు రాయనివాడు నాకోసం ఒక్కసారి రాశాడనుకున్నాను. అందుకే చెయ్యెత్తాను. అందుకే ఎవరికీ చెప్పలేదు, నువ్వు దొరికిపోతావని. అందుకే ఊరికి రాలేదు. అయిదు వేళ్ళు చూపించేవాళ్ళకి భయపడి కాదు. నీ వంటింట్లో నీ ఎదురుగా కూర్చుంటే ఏదో ఒకటి నోరు జారతానని.

నువ్వేమో అప్పుడు సిరా బుడ్డి పట్టుకుంటున్నావు!

మొన్న రోసాండా వచ్చింది, చొక్కాలు తెచ్చి. నీ ఉత్తరం చూపించాను, నాది చెప్పాను. ఆమె ఏమందో కింద ఆమే రాస్తుంది.

17న ఆఖరి సీను. జనం తక్కువయ్యారు, ఇసుక తిని సగంమంది వెళ్ళిపోయారు. సిల్వానో నిన్ను రమ్మంటున్నాడు. నల్ల కోటు వేసుకుని రా. ఒస్టోయాకి ఏం చెప్పాలో వచ్చాక చూద్దాం.

ఇంకోటి. విజిల్ లోపలి గింజ పోయింది, ఊదితే గాలి తప్ప ఏం రావడం లేదు. లాజా కార్కు వేలుని కాస్త చెక్కి గింజ చేశాను. బ్రహ్మాండంగా మోగుతోంది.

గ్వోజ్డెన్

అన్నయ్యా, నేను రోసాండాని. ఒకడు పదిహేనేళ్ళు నిద్రలో "ఐదు కాదు" అంటాడు. ఇంకొకడు నన్ను చూడ్డానికి వచ్చి, వాన పడిందా లేదా అని చెప్పి వెళ్ళిపోతాడు. ఇద్దరు మొగాళ్ళు ఉండి, నోరున్నవాడు ఒక్కడు లేడు. నల్ల కోటు మోచేతి దగ్గర చిరిగింది, కుట్టించుకుని రా. పుస్తకంలో ఏది వేస్తారో నాకనవసరం. డిసెంబరులో మన ఇంటి స్వెటీ నికోలా పండక్కి మాత్రం ఈసారి పుట్టింటికి వస్తాను. వీడు రాకపోయినా వస్తాను.

* * *

కికిందా,
18 డిసెంబరు.

బావా,

పొద్దున మంచు కురిసింది, చీలమండ లోతు. గేటు నుంచి గడప దాకా పారతో దారి చేశాను. చేప తెచ్చాను, మూడు కిలోల కార్ప్. స్నానాల తొట్టిలో వదిలాను. రేపు మన ఇంటి పండుగ కదా, ఉపవాసం రోజు పడింది, మాంసం ఉండదు.

బస్సులు ఆగిపోయాయని రేడియోలో చెప్పారు. మీరు రేపు రాలేకపోవచ్చు. రాకపోతే ఇది పోస్టు చేస్తాను. అందుకని అన్నీ వరసగా రాస్తున్నాను. షూటింగు అయ్యాక బస్టాండు దాకా నడిచాం కానీ మనిద్దరం సినిమా సంగతులే మాట్లాడుకున్నాం.

ఆ రోజుది కూడా నా పుస్తకంలో ఎక్కించాను. ఇలా ఉంది:

"17 నవంబరు. షుషారా. ఎండ, గాలి లేదు. సిల్వానో నన్ను శవపేటికల కొట్టు యజమానిని చేశాడు. కొట్టు ముందు బల్ల వేయించి, దాని మీద పెద్ద పుస్తకం, కలం పెట్టించాడు. ఏం చెయ్యాలని అడిగాను. 'మామూలుగా ఏం చేస్తావో అది' అన్నాడు. బావ ఎదురుగా కందకంలో ఉన్నాడు, మామూలు ఎత్తులో. ఎప్పుడూ అలా చూడలేదు. పోలీసు పెద్ద విజిల్ ఊదాడు. బావ చెయ్యెత్తాడు, నా బల్ల వైపు తిరిగి. నేను రాసుకుని, చెయ్యెత్తాను."

అంతకన్నా ఎక్కువ రాయలేదు. ఇప్పుడు రాస్తాను. నా చెయ్యి లేచిందని నాకే తెలియదు. నువ్వు నా వైపే చూస్తున్నావు. నేను నీ వైపు. ఆ రోజు కూడా మనిద్దరం ఇలాగే నిలబడ్డాం, నీ చెయ్యి పైన, నా చెయ్యి పైన. ఎందుకో నవ్వొచ్చింది. నువ్వు నవ్వడం వల్ల వచ్చిందనుకుంటాను. నాకు నవ్వడం రాదని నువ్వు రాశావు, కాబట్టి చెబుతున్నాను.

సిల్వానో అరిచింది నాకు అర్థం కాలేదు. తర్వాత నువ్వు చెప్పావు: "ఇద్దరేమిటి? హంతకుడు ఒక్కడే! ఈ ముసలాడెందుకు ఎత్తాడు?" ఫిల్ము చుట్ట అయిపోయిందనీ, ఇంకొకటి లేదనీ కెమెరా అతను చెప్పాడు. సిల్వానో ఇసుకలో కూర్చుండిపోయాడు. అయిదు నిమిషాల తర్వాత లేచి, "ఒకడు చంపాడు, ఒకడు కొలతలు తీసుకున్నాడు. మొదటి నుంచీ ఇద్దరూ కలిసే చేశారు. నాకు ముందే తట్టాల్సింది" అని నన్ను ముద్దు పెట్టుకున్నాడు. గడ్డం గుచ్చుకుంది.

నిన్న క్లబ్బుకి వెళ్ళాను. అచ్చుకి పోవడానికి ఇంకో పది రోజులుంది. షీటు ఒస్టోయా బల్ల మీద పెట్టాను. షీటులో సిరా గీకలేదు, రాసింది రాసినట్టే ఉంచాను. పక్కన ఒక చీటీ అంటించాను: "ఆఖరి ఫౌల్ పన్నెండుది కాదు, పదకొండుది. రాసినవాడి తప్పు. తిహోమిర్ మలేషెవ్." దాని కింద పోయిన ఉత్తరంలో నువ్వు పంపిన వాక్యం కూడా నువ్వన్నట్టే రాశాను: "నాకు తెలిసే చెయ్యెత్తాను. భయపడ్డాను. గ్వోజ్డెన్ పెరిషిచ్." ఆ వాక్యం వద్దని నీకు రెండుసార్లు రాశాను. నువ్వు వినలేదు. అది లేకుండా నా వాక్యం ఇవ్వడానికి వీల్లేదని మొండికేశావు. అందుకని రెండూ ఉన్నాయి.

ఒస్టోయా చదివాడు. మళ్ళీ చదివాడు. రెండు గుండీలు విప్పుకున్నాడు.

"ఫౌల్ నాదంటావా?" అన్నాడు.

"నీదే."

"నాకు గుర్తు లేదే."

"నీ మోచెయ్యి."

"పదిహేనేళ్ళయింది, తిహోమిర్ గారూ. ఇప్పుడెవరికి కావాలి? అధ్యాయం అచ్చుకి సిద్ధంగా ఉంది. పేరు కూడా బాగుంది."

"నా షీటు లేకుండా వేసుకో."

మీ షీటు లేకపోతే అది చరిత్ర ఎలా అవుతుంది అన్నాడు. అదే నేనూ అంటున్నాను అన్నాను. గోడ మీద ఆ రోజు ఫొటో ఉంది, నువ్వు చెయ్యెత్తి నిలబడినది. నీ వెనక ఒస్టోయా కూడా ఉన్నాడు, నేల చూస్తూ. అతను దాన్ని చూశాడు. నేను బల్ల ఇవతల ఉన్నాను, ఎదురుగా షీటు, చేతిలో కలం. అలవాటు కొద్దీ.

అతని చెయ్యి నెమ్మదిగా లేచింది. భుజం దాకా వచ్చి ఆగింది. అక్కడ చెవి గోక్కున్నాడు.

"సగమే లేచింది" అన్నాను.

"సగం రాసుకోండి" అన్నాడు.

రాసుకున్నాను. చెయ్యెత్తాను. అధ్యాయం పేరు మారుస్తారట. ఏం పెట్టాలో తెలియక నన్నే అడిగాడు. "నాలుగు ఫౌళ్ళు" అన్నాను. అంత ఆసక్తిగా లేదు అన్నాడు. అయినా అదే ఖాయం. నీ రెండు పేజీలు మాత్రం ఇంకా రాలేదని గుర్తు చెయ్యమన్నాడు. కలం ఎక్కడ ఆగిపోతోందో అక్కడ ఇప్పుడు రాయొచ్చు కదా.

ఈ సాయంత్రం రొట్టెల కొట్టావిడ, "మీ బావ సినిమాలో హంతకుడటగా? మీరూనటగా?" అంది. అవునన్నాను. రొట్టె రెండు రోజుల పాతది ఇవ్వబోయి, కొత్తది ఇచ్చింది.

బయట కుక్క మొరుగుతోంది. పక్కింటివాళ్ళు కట్టెల కోసం వచ్చి ఉంటారు.

పండక్కి ఇంకా మిగిలిన పనులు: అక్రోటు కాయలు కొట్టాలి, ఒక కిలో. మైనపు వత్తి దొరికింది, పెద్దది. ముందుగదిలో మంచం చివర బల్ల చేర్చాను, వంటింట్లోది, మూడు దుప్పట్లు పరిచాను. కొలిచాను, రెండు మీటర్ల ముప్ఫై వచ్చింది. వంటింటి గుమ్మం గొర్రెతోలు మసి పట్టిందని పొద్దున ఊడదీసి ఉతికాను, పొయ్యి పక్కన ఆరేశాను. ఇప్పుడు ఆరింది. మేకులు తీసి పెట్టుకున్నాను, ఐదూ నిటారైనవే. చీకటి పడకముందే దాన్ని మళ్ళీ

గేటు తీశారు. రోసాండా గొంతులా ఉంది. "వంగు, వంగు" అంటోంది. బావా, ఆగు, ఇంకా ఆ తోలు